ఐసీసీ లెక్కలు ఎవరు అడుగుతారు? అఫ్గాన్ అమ్మాయిల సంగతి మీటింగులో ఎందుకు తేలదు?

ఆంధ్రా యూనివర్సిటీలో లా చదువుతున్న ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. 2025 అక్టోబరులో మన విశాఖ పీఎం పాలెం స్టేడియంలో భారత్, ఆస్ట్రేలియా మహిళల వరల్డ్ కప్ మ్యాచ్ చూసి వచ్చిందట. ఆ జనాన్నీ, ఆ యాడ్ బోర్డుల్నీ చూశాక మూడు అనుమానాలు వచ్చాయట. ప్రపంచ క్రికెట్‌ను నడిపే ఐసీసీకి వచ్చే డబ్బు చివరికి ఎవరికి చేరుతుంది? మీటింగుల్లో నిర్ణయం ఎవరిది? మహిళల జట్టే లేని అఫ్గానిస్తాన్ పూర్తి సభ్యదేశంగా ఎలా కొనసాగుతోంది? పనిలో పనిగా, వీటి మీద ఆర్టీఐ వేయొచ్చా అని కూడా అడిగింది.

అమ్మా, నీకు మా మనవరాలి వయసు ఉంటుంది, అందుకే 'నువ్వు' అనే రాస్తున్నాను. డాబాగార్డెన్స్‌లో ముప్పై ఏళ్లకు పైగా చార్టర్డ్ అకౌంటెంటుగా పనిచేశాను. క్లబ్బులు, సొసైటీలు, స్పోర్ట్స్ అసోసియేషన్లు, ఒకటి రెండు కళ్యాణ మండపాల ట్రస్టులు, ఇవీ నేను చేసిన ఆడిట్లు. ఆదివారాలు లీగ్ మ్యాచ్‌లకు స్కోరింగ్ చేసేవాణ్ని. ఐసీసీ ఆఫీసు గుమ్మం ఎప్పుడూ తొక్కలేదు. కానీ సభ్యుల క్లబ్బు ఎలా నడుస్తుందో తెలుసు. ఎంత పెద్దదైనా ఐసీసీ కూడా సభ్యుల క్లబ్బే.

ముందు నా అనుభవం ఒకటి చెప్తాను, క్లబ్బు పేరు వద్దులే. దాని వార్షిక జనరల్ బాడీ సాయంత్రం ఆరింటికి. ఆడిటర్‌ని కదా అని గంట ముందే వెళ్లి సెక్రటరీ గదిలో కూర్చున్నాను. టేబుల్ మీద మినిట్స్ బుక్కు తెరిచి ఉంది. ఆ రోజు తేదీ వేసి, 'సభ్యులందరూ ఏకగ్రీవంగా ఆమోదించిరి' అని అప్పటికే రాసేసి ఉంది. ప్రతిపాదించినది ఎవరు, బలపరిచినది ఎవరు, అన్నీ ఉన్నాయి. ఇదేంటండీ అంటే సెక్రటరీగారు నవ్వి, "అందరితో ఫోన్లో మాట్లాడేశాం మాస్టారూ, టిఫిన్ చేయండి" అన్నారు. పెసరట్టు ఉప్మా బాగానే ఉంది. ఆ రోజు నుంచి ఏ ప్రెస్‌నోట్‌లో 'ఏకగ్రీవం' అన్న మాట కనబడినా నాకు ఆ పుస్తకమే గుర్తొస్తుంది.

ఇక ఐసీసీ. 1909లో లార్డ్స్‌లో ఇంగ్లండ్, ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికా కలిసి పెట్టుకున్న ఇంపీరియల్ క్రికెట్ కాన్ఫరెన్స్ అది. మనం 1926లో చేరాం. 1965లో పేరులోంచి ఇంపీరియల్ పోయింది కానీ, ఇంగ్లండ్, ఆస్ట్రేలియాలకున్న వీటో పోవడానికి 1993 దాకా పట్టింది. 2005లో ఆఫీసు లండన్ నుంచి దుబాయ్‌కి మారింది. పన్నుల బాధ లేకపోవడం అందుకు పెద్ద కారణం. పన్ను సంగతి వచ్చినప్పుడు మళ్లీ చెప్తాను.

డబ్బుతో మొదలుపెడదాం, ఎందుకంటే మిగతా రెండు ప్రశ్నల జవాబూ అందులోనే ఉంది. ఐసీసీ ఆదాయంలో పెద్ద భాగం వరల్డ్ కప్పుల్లాంటి ఈవెంట్ల టీవీ, డిజిటల్ హక్కులది. స్పాన్సర్లది తర్వాతి స్థానం. నువ్వు చూసిన యాడ్ బోర్డులన్నీ ఐసీసీ స్పాన్సర్లవే. ఐసీసీ ఈవెంటుకి స్టేడియాన్ని వేరే ప్రకటనలేవీ లేకుండా శుభ్రంగా అప్పగించాలి. ఇంతకుముందు స్టేడియంలో ఉన్న లోకల్ ప్రకటనల మీద గుడ్డలు కప్పేస్తారు. 2024 నుంచి 2027 దాకా భారత మార్కెట్ హక్కులు 2022 ఆగస్టులో డిస్నీ స్టార్‌కి వెళ్లాయి. మీడియాలో వచ్చిన అంకె దాదాపు 300 కోట్ల డాలర్లు. ఆ ఒక్క కాంట్రాక్టు ముందు మిగతా దేశాల కాంట్రాక్టులు చిల్లర లెక్క. అంటే ఐసీసీ ఇల్లు గడిచేది మన ఇళ్లలోని టీవీల మీద. ఇది గుర్తుపెట్టుకో.

ఇప్పుడు పంపకం. 2014 ఫిబ్రవరిలో సింగపూర్‌లో జరిగిన మీటింగులో 'బిగ్ త్రీ' పద్ధతి వచ్చింది. భారత్, ఇంగ్లండ్, ఆస్ట్రేలియా బోర్డులకు డబ్బులోనూ అధికారంలోనూ పెద్ద వాటా అన్నమాట. శశాంక్ మనోహర్ ఐసీసీ మొదటి స్వతంత్ర ఛైర్మన్‌గా వచ్చాక 2017లో దాన్ని తిరగరాశారు. ఆ ఏడాది ఏప్రిల్‌లో బీసీసీఐకి ఎనిమిదేళ్లకు 29.3 కోట్ల డాలర్లు చాలన్నారు. బోర్డులో ఓటింగు 13కి 1. ఆ ఒక్క ఓటూ ఎవరిదో చెప్పక్కర్లేదు. జూన్ వచ్చేసరికి ఆ అంకె 40.5 కోట్లకు పెరిగింది. ఇంగ్లండ్‌కి 13.9 కోట్లు, జింబాబ్వేకి 9.4 కోట్లు, మిగతా ఏడు దేశాలకూ తలా 12.8 కోట్లు. ఓటింగులో 13కి 1 తేడాతో ఓడినవాడికి రెండు నెలల్లో 11 కోట్ల డాలర్లు అదనంగా వచ్చాయంటే, ఓటుకీ పలుకుబడికీ తేడా నీకు అర్థమైనట్టే.

2023 జూలైలో డర్బన్‌లో వార్షిక సమావేశం జరిగింది. 2024 నుంచి 2027 వరకు కొత్త పంపకాన్ని అక్కడ ఆమోదించారు. క్రికెట్ మీడియాలో వచ్చిన లెక్క ప్రకారం ఏటా పంచే సొమ్ము 60 కోట్ల డాలర్లు. అందులో బీసీసీఐకి 38.5 శాతం, అంటే 23.1 కోట్ల డాలర్లు. మన రూపాయల్లో 1,900 కోట్ల పైమాటే. రెండో స్థానంలో ఉన్న ఇంగ్లండ్‌కి 6.89 శాతం, ఆస్ట్రేలియాకి 6.25, పాకిస్తాన్‌కి 5.75. చిట్టచివర అఫ్గానిస్తాన్, 2.80 శాతం, దాదాపు 1.68 కోట్ల డాలర్లు. ఈ అంకెని కూడా గుర్తుపెట్టుకో, కాసేపట్లో పని ఉంది. పూర్తి సభ్యత్వం లేని అసోసియేట్ దేశాలు 90కి పైగా ఉన్నాయి, వాటన్నిటికీ కలిపి 11.19 శాతం. లెక్క వేస్తే సగటున ఒక్కో దేశానికి ఏడు లక్షల డాలర్లు కూడా కష్టమే.

ఇది అన్యాయమా? మార్కెట్ మనది, వాటా మనది, ఇందులో తప్పేముంది అని మా వాకింగ్ బ్యాచ్‌లో సగంమంది వాదిస్తారు. నేను ఆ వాదన మొత్తాన్ని కొట్టిపారేయను. నేను వేలు పెట్టేది వేరేచోట. ఆదాయం ఎలా పంచాలన్న ప్రతిపాదనలు చూసే ఫైనాన్స్, కమర్షియల్ వ్యవహారాల కమిటీకి 2022 నవంబరులో అధ్యక్షుడైంది ఎవరంటే అప్పటి బీసీసీఐ కార్యదర్శి జై షా. అందరికంటే పెద్ద వాటా పుచ్చుకునే సంస్థ కార్యదర్శే వాటాలు చూసే కమిటీకి పెద్ద. ఆయన తప్పు చేశారని నేననడం లేదు. మా వృత్తిలో దీన్ని ప్రయోజనాల వైరుధ్యం అంటాం. అది ఉన్నచోట తప్పు జరగకపోయినా రాసి పెట్టాలి, ఆ మనిషి పక్కకు తప్పుకోవాలి. ఏ చిన్న కాలనీ సొసైటీ ఆడిట్‌లోనైనా నేను రాసే మొదటి వాక్యం ఇదే.

డబ్బు గురించి ఇంకో రెండు ముక్కలు. ఒకటి, 2022లో ఐసీసీ నకిలీ మెయిల్ మోసంలో దాదాపు 25 లక్షల డాలర్లు పోగొట్టుకుందని మరుసటి ఏడాది జనవరిలో వార్త వచ్చింది. మన బ్యాంకులో పింఛనుదారులకు ఓటీపీ చెప్పొద్దని బోర్డు పెడతారు చూడు, అలాంటి బోర్డు ఒకటి దుబాయ్‌లోనూ కావాలి. రెండోది పన్ను. ఐసీసీ తన ఈవెంటు పెట్టే ప్రతి దేశాన్నీ పన్ను మినహాయింపు తెచ్చిపెట్టమని అడుగుతుంది. 2016 టీ20 వరల్డ్ కప్‌కి మన ప్రభుత్వం మినహాయింపు ఇవ్వలేదు. ఐసీసీ ఆ మొత్తాన్ని బీసీసీఐ వాటాలోంచి కోసుకుంది, 193 కోట్ల రూపాయలు. అంత బలమున్న బోర్డు దగ్గరా డబ్బు కోయడం ఐసీసీకి చేతనవును. కాగితం మీద షరతు ఉండాలి, అది ఐసీసీ ఆదాయానికి సంబంధించినదై ఉండాలి, అంతే. ఇంకో రకం షరతుకు ఏమైందో చూద్దువుగాని.

మీటింగుల విషయం. ఏడాదికోసారి, జూన్‌లోనో జూలైలోనో, వార్షిక సమావేశం ఉంటుంది. 2023లో డర్బన్, 2024లో కొలంబో, 2025లో సింగపూర్. అక్కడ సభ్యదేశాలన్నీ వస్తాయి, ఫొటోలు దిగుతారు, అవార్డులు ఇస్తారు. అసలు పట్టు బోర్డు చేతిలో ఉంటుంది. అది మూడు నెలలకోసారి కూర్చుంటుంది. 12 పూర్తి సభ్యదేశాల ప్రతినిధులు, అసోసియేట్ దేశాలన్నిటి తరఫున ముగ్గురు, ఛైర్మన్, ఒక ఇండిపెండెంట్ డైరెక్టర్. ఆ ఇండిపెండెంట్ కుర్చీలో 2018లో మొదట కూర్చున్నది పెప్సికో మాజీ అధిపతి ఇంద్రా నూయి. లెక్కపెట్టు. బోర్డులో ఎవరి దగ్గరా డబ్బు తీసుకోని, ఎవరికీ జవాబు చెప్పక్కర్లేని మనిషి ఒక్కరు. 2012లో ఇంగ్లండ్ మాజీ ప్రధాన న్యాయమూర్తి లార్డ్ వూల్ఫ్ ఇచ్చిన నివేదిక దీన్నే పట్టుకుంది. ఐసీసీ సభ్యుల క్లబ్బులా నడుస్తోంది, స్వతంత్ర డైరెక్టర్లను పెట్టండి అని రాశారాయన. బీసీసీఐ ఆ నివేదికను తోసిపుచ్చింది. రెండేళ్లు తిరిగేసరికి వచ్చింది స్వతంత్ర డైరెక్టర్లు కాదు, బిగ్ త్రీ.

ఛైర్మన్ ఎన్నిక చూడు. 2024 ఆగస్టులో జై షా ఏకగ్రీవంగా ఎన్నికయ్యారు, డిసెంబరు 1న బాధ్యతలు తీసుకున్నారు. పోటీ నామినేషనే లేదు. ఒక్కోసారి నిజంగానే అందరికీ ఒకే మనిషి నచ్చుతాడు, కాదనను. కానీ 12 మందిలో ఎక్కువమందికి భారత్‌తో ఒక సిరీస్ దొరికితే ఆ ఏడాది బోర్డు గట్టెక్కుతుంది. చేయి ఎత్తేటప్పుడు ఆ సిరీస్ కళ్ల ముందు ఆడదా? ఐసీసీ పంచే డబ్బు ఒక ఎత్తు, ద్వైపాక్షిక సిరీసుల టీవీ డబ్బు ఇంకో ఎత్తు. ఆ రెండోది ఏ ఐసీసీ బ్యాలెన్స్ షీట్‌లోనూ కనబడదు. అసలు ఓటింగు అక్కడే అయిపోతుందని నా అనుమానం.

ప్రపంచ ఫుట్‌బాల్‌ను నడిపే ఫిఫాలో దీనికి పూర్తిగా తిరగేసిన పద్ధతి. 211 దేశాలు, దేశానికో ఓటు. బ్రెజిల్‌దీ ఒకటే, భూటాన్‌దీ ఒకటే. 2019 నుంచి 2022 వరకు నాలుగేళ్లలో దాని ఆదాయం 756 కోట్ల డాలర్లకు పైనే. 2023 నుంచి మొదలైన నాలుగేళ్లలో ఒక్కో సభ్య సంఘానికీ 80 లక్షల డాలర్ల దాకా ఇస్తామంది. ఐసీసీ అసోసియేట్లతో పోల్చి చూస్తే ఎంతో న్యాయంగా కనబడుతుంది. కానీ నెల నెలా డబ్బు పంపే కొడుకు మాటకు ఇంట్లో ఎవరూ ఎదురు చెప్పరు. 2015 మే నెలలో జ్యూరిచ్ హోటల్లో తెల్లవారుజామున ఏడుగురు ఫుట్‌బాల్ పెద్దల్ని పోలీసులు పట్టుకున్నారు. అమెరికా పెట్టిన కేసులో లంచాల లెక్క 15 కోట్ల డాలర్ల పైమాట. తర్వాత సంస్కరణలు వచ్చాయి, అకౌంట్లు ఇప్పుడు వివరంగా బయటపెడతారు, నేనూ చదివాను, ఐసీసీ కంటే చాలా నయం. అయినా 2034 వరల్డ్ కప్ సౌదీకి ఇచ్చింది 2024 డిసెంబరులో ఆన్‌లైన్ మీటింగులో, చప్పట్లతో. మా క్లబ్బు సెక్రటరీగారు చూస్తే మురిసిపోయేవారు.

ఇక నువ్వు అసలు అడగాలనుకున్నది.

క్రీడా సంస్థ ఏ అంతర్జాతీయ ఒప్పందం మీదా సంతకం పెట్టే ప్రభుత్వం కాదు, దానికి మానవ హక్కుల బాధ్యత ఏమిటి అని మీ ప్రొఫెసర్ వైవాలో అడగొచ్చు. జవాబు 2011లో ఐక్యరాజ్య సమితి ఆమోదించిన వ్యాపారం, మానవ హక్కుల మార్గదర్శక సూత్రాల్లో ఉంది. ప్రభుత్వం హక్కుల్ని కాపాడాలి, వ్యాపార సంస్థ వాటిని గౌరవించాలి, నష్టం జరిగితే బాధితుడికి పరిహార మార్గం ఉండాలి. ఈ సూత్రాలు రాసిన జాన్ రగ్గీయే 2016లో ఫిఫా కోసం ఒక నివేదిక ఇచ్చారు. ఫిఫా రాజ్యాంగంలో మూడో అధికరణం మానవ హక్కులకు కట్టుబడతామంటుంది, 2017లో ప్రత్యేక విధానం కూడా వచ్చింది. ఐసీసీకి జాతి వివక్షకు వ్యతిరేకంగా నియమాలున్నాయి గానీ ఇలాంటి పూర్తి విధానం లేదు. 2025 ఆరంభంలో హ్యూమన్ రైట్స్ వాచ్ అనే హక్కుల సంస్థ జై షాకి రాసిన ఉత్తరంలో అడిగిన రెండింటిలో ఒకటి అదే. రెండోది, అమ్మాయిలు మళ్లీ ఆడేదాకా అఫ్గానిస్తాన్‌ను సస్పెండ్ చేయమని.

విధానం ఉన్నంత మాత్రాన పని జరిగిపోతుందనుకోకు. కతర్ సంగతి శ్రీకాకుళం జిల్లాలో ఎవరినడిగినా చెప్తారు. గల్ఫ్‌కి మనుషుల్ని పంపే పల్లెలు మనకు కూతవేటు దూరంలోనే ఉన్నాయి. ఫిఫా కతర్‌కి వరల్డ్ కప్ ఇచ్చింది 2010లో, హక్కుల మాట రాజ్యాంగంలో రాసుకునే ముందు. యజమాని అనుమతి లేకుండా ఉద్యోగం మారే వీలు కార్మికుడికి 2020లో వచ్చింది. అందరికీ వర్తించే నెలకు 1,000 రియాళ్ల కనీస వేతనం 2021 మార్చిలో వచ్చింది. అప్పటికి స్టేడియాలు చాలావరకు లేచిపోయాయి. చనిపోయినవారి కుటుంబాలకు, జీతం ఎగ్గొట్టించుకున్నవారికి ప్రైజ్ మనీతో సమానంగా 44 కోట్ల డాలర్లు కేటాయించమని 2022లో ఆమ్నెస్టీ లాంటి సంస్థలు అడిగాయి. 2024 నవంబరులో ఫిఫా 5 కోట్ల డాలర్ల లెగసీ ఫండ్ ప్రకటించింది. అది అంతర్జాతీయ సంస్థలతో కలిసి చేసే పథకాలకు. కార్మికుల కుటుంబాల చేతికి వెళ్లే పరిహారం కాదు. అయినా ఒక తేడా ఉంది. కాగితం ఉంటే అడగడానికి ఒక గుమ్మం ఉంటుంది. ఐసీసీలో ఆ గుమ్మమూ లేదు.

ఐసీసీ చరిత్రలో హక్కుల ప్రశ్న ప్రతిసారీ పక్కదారినే వచ్చింది. దక్షిణాఫ్రికా 1961లో సభ్యత్వం పోగొట్టుకుంది, వర్ణ వివక్ష వల్ల అని చాలామంది అనుకుంటారు. కాదు. ఆ దేశం కామన్‌వెల్త్ నుంచి బయటికి పోయింది, ఇంపీరియల్ కాన్ఫరెన్స్ నియమం ప్రకారం సభ్యత్వం పోయింది. ఇంగ్లండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ మాత్రం 1970 దాకా వాళ్లతో టెస్టులు ఆడుతూనే ఉన్నాయి. మళ్లీ చేర్చుకున్నది 1991లో, తొలి మ్యాచ్ మన ఈడెన్ గార్డెన్స్‌లోనే.

జింబాబ్వే కథ ఆడిటర్లకు ఇంకా ఇష్టమైనది. 2003 వరల్డ్ కప్‌లో ఆండీ ఫ్లవర్, హెన్రీ ఒలాంగా చేతికి నల్ల పట్టీ కట్టుకుని, మా దేశంలో ప్రజాస్వామ్యం చచ్చిపోయిందని ప్రకటన ఇచ్చారు. ఇద్దరి అంతర్జాతీయ కెరీర్లూ ఆ టోర్నీతోనే ముగిశాయి. తర్వాత ఆ దేశపు బోర్డు లెక్కల మీద కేపీఎంజీ చేత ఆడిట్ చేయించారు. తీవ్రమైన అవకతవకలు ఉన్నాయని తేలింది. 2008లో ఐసీసీ బోర్డు, ఎవరూ సొంతానికి వాడుకున్నట్టు లేదు కాబట్టి చర్య వద్దంది. దాన్ని ఒప్పుకోని చీఫ్ ఎగ్జిక్యూటివ్ మాల్కం స్పీడ్ పదవీకాలం రెండు నెలలుండగానే సెలవు మీద వెళ్లాల్సి వచ్చింది. అదే ఏడాది జూలైలో దుబాయ్‌లో ఇంకో రాజీ. 2009 టీ20 వరల్డ్ కప్ ఇంగ్లండ్‌లో ఉంది, అక్కడి ప్రభుత్వం జింబాబ్వే జట్టును రానివ్వదు. సరే, మీరు రాకండి, పాల్గొన్నందుకు ఇచ్చే ఫీజు మాత్రం పూర్తిగా తీసుకోండి అన్నారు. ఆడకుండానే ఆడిన డబ్బు. ఏ హెడ్ కింద చూపించారో ఆ వోచరు నాకు చూడాలని ఉంది.

ఇప్పుడు అఫ్గానిస్తాన్. 2017 జూన్‌లో ఐర్లండ్‌తో పాటు పూర్తి సభ్యత్వం వచ్చింది. పూర్తి సభ్యదేశానికి మహిళల క్రికెట్ ఉండాలన్నది షరతు. 2020 నవంబరులో అఫ్గాన్ బోర్డు 25 మంది అమ్మాయిలకు కాంట్రాక్టులు కూడా ఇచ్చింది. 2021 ఆగస్టులో తాలిబన్లు వచ్చారు, అమ్మాయిలు పారిపోయారు, చాలామంది ఆస్ట్రేలియా చేరారు. నవంబరులో ఐసీసీ ఒక వర్కింగ్ గ్రూపు వేసింది. మగవాళ్ల జట్టు అన్ని టోర్నీలూ ఆడుతోంది, ఏటా వాటా వెళ్తోంది. ఇందాక గుర్తుపెట్టుకోమన్న 1.68 కోట్ల డాలర్లు అవే. ఆస్ట్రేలియా తన ద్వైపాక్షిక మ్యాచ్‌లు మానుకుంది, వరల్డ్ కప్‌లో ఎదురైతే ఆడింది. 2025 ఛాంపియన్స్ ట్రోఫీలో అఫ్గానిస్తాన్‌తో ఆడొద్దని 160 మందికి పైగా బ్రిటిష్ రాజకీయ నాయకులు ఉత్తరం రాసినా ఇంగ్లండ్ లాహోర్‌లో ఆడింది, 8 పరుగులతో ఓడింది కూడా. 2025 ఏప్రిల్‌లో భారత్, ఇంగ్లండ్, ఆస్ట్రేలియా బోర్డులతో కలిసి, దేశం విడిచిన అమ్మాయిల కోసం ఒక టాస్క్‌ఫోర్స్, ఒక ప్రత్యేక నిధి పెడుతున్నామని ఐసీసీ ప్రకటించింది. మంచిదే. కానీ నాలుగేళ్ల చివర.

సస్పెండ్ చేస్తే పాపం మగ ఆటగాళ్లు ఏం చేశారు అంటారు. న్యాయమైన ప్రశ్నే. 2024 చివర్లో అమ్మాయిల్ని మెడికల్ చదువులకు దూరం చేసినప్పుడు రషీద్ ఖాన్ బహిరంగంగా తప్పుపట్టాడు. అలాంటివాణ్ని ఇంట్లో కూర్చోబెట్టడం నాకూ ఇష్టం లేదు. కానీ ఈ వాదనకు జవాబు ఐసీసీ ఫైళ్లలోనే ఉంది. 2023 నవంబరులో ముంబైలో మనమీద 55 పరుగులకు ఆలౌటైన నాలుగు రోజులకే శ్రీలంక క్రీడా మంత్రి వాళ్ల బోర్డును రద్దు చేశాడు. నవంబరు 10న ఐసీసీ శ్రీలంకను సస్పెండ్ చేసింది. జట్టును మాత్రం ఆడనిచ్చింది. డబ్బు మీద పట్టు తన దగ్గర పెట్టుకుంది, అండర్-19 వరల్డ్ కప్‌ను అక్కణ్నుంచి దక్షిణాఫ్రికాకు మార్చింది. 2025 సెప్టెంబరులో అమెరికా బోర్డును సస్పెండ్ చేసినప్పుడూ ఆటగాళ్లను ఆపలేదు. అంటే బోర్డు చేతులు కట్టి ఆటగాడి కాళ్లు వదిలేయడం దానికి తెలుసు. మంత్రి బోర్డును ముట్టుకుంటే నాలుగు రోజుల్లో కదిలిన సంస్థ, ఒక ప్రభుత్వం సగం జనాభాను మైదానం నుంచి వెళ్లగొడితే వర్కింగ్ గ్రూపు వేసింది. మొదటిది ఆ గదిలో కూర్చున్న ప్రతివాడి కుర్చీకీ ముప్పు. రెండోది వాళ్లలో ఎవరి కుర్చీనీ కదపదు. ఈ పోలిక నీ పేపర్లో వాడుకో.

ప్రభుత్వ జోక్యం రూలు కూడా అందరికీ ఒకటి కాదు. 2017 జనవరిలో మన సుప్రీంకోర్టు బీసీసీఐ అధ్యక్ష, కార్యదర్శుల్ని తొలగించి, వినోద్ రాయ్ నాయకత్వంలో పాలకుల కమిటీని పెట్టింది. ఐసీసీ కిమ్మనలేదు. 2022లో అదే సుప్రీంకోర్టు ఫుట్‌బాల్ ఫెడరేషన్‌కి అలాంటి కమిటీనే పెడితే ఫిఫా ఆగస్టు నడిమధ్యలో భారత్‌ను సస్పెండ్ చేసింది. పది రోజుల తర్వాత ఎత్తేసింది. అప్పుడు గోకులం కేరళ అమ్మాయిల జట్టు టోర్నీ కోసం తాష్కెంట్ దాకా వెళ్లి ఆడకుండానే తిరిగొచ్చింది. ఫుట్‌బాల్‌లో మనం కట్టే డబ్బు లేదు, క్రికెట్‌లో మన డబ్బే ఉంది. అంతకుమించి చట్టపరమైన తేడా నాకైతే కనబడలేదు, నీకు కనబడితే రాయి.

ఆటగాళ్లు సొంతంగా మాట్లాడితే ఏమవుతుందో ఆస్ట్రేలియా బ్యాటర్ ఉస్మాన్ ఖవాజా చూపించాడు. 2023 డిసెంబరులో పెర్త్ టెస్టుకు 'అందరి ప్రాణాలూ సమానమే' అన్న మాట ఉన్న బూట్లు వేసుకోనివ్వలేదు. చేతికి నల్ల పట్టీ కట్టుకున్నందుకు మందలించారు. 2019 మార్చిలో రాంచీలో మనవాళ్లు పుల్వామా అమరుల కోసం సైనిక టోపీలు పెట్టుకుంటే అనుమతి ఉంది. అదే జూన్‌లో ధోనీ గ్లవ్స్ మీది బలిదాన్ గుర్తు (సైన్యంలోని పారా కమాండోల చిహ్నం) తీసేయమన్నారు. ఆ రూలు ఏమిటో ఎప్పుడు ఎవరిని అడిగినా ఒక్కో జవాబు వస్తుంది.

ఒకటి మాత్రం మెచ్చుకోవాలి, లేకపోతే నేను సణిగే ముసలాణ్నే అవుతాను. డర్బన్ మీటింగులోనే ఆడ, మగ జట్లకు ఐసీసీ టోర్నీల్లో సమాన ప్రైజ్ మనీ అని తీర్మానించారు. 2022 మహిళల వరల్డ్ కప్ మొత్తం ప్రైజ్ మనీ 35 లక్షల డాలర్లు. నువ్వు చూసిన టోర్నీది 1.388 కోట్లు. గెలిచిన మన జట్టుకే 44.8 లక్షలు. మన మ్యాచ్‌లో అలిస్సా హీలీ కొట్టుడు చూసి నీలాగే నేనూ తల పట్టుకున్నాను గానీ, కడప పిల్ల శ్రీచరణి మూడు వికెట్లు తీసింది కదా, ఆ పిల్లకు దక్కే డబ్బులో ఆ తీర్మానం ఉంది. ఒత్తిడి చేసే ఆటగాళ్లు, చూసే జనం, కొనే స్పాన్సర్ ముగ్గురూ ఉన్నచోట ఐసీసీ కదులుతుంది. కాందిశీకులైన అఫ్గాన్ అమ్మాయిలకు ఆ ముగ్గురిలో ఒక్కరూ బోర్డు గదిలో లేరు.

ఆర్టీఐ గురించి. ఐసీసీ మీద కుదరదు, అది విదేశీ సంస్థ. మన రాజ్యాంగం నిర్వచించిన 'రాజ్యం' కిందికి బీసీసీఐ రాదని 2005లో జీ టెలీఫిల్మ్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా 226వ అధికరణం కింద హైకోర్టుకు పోవచ్చంది, ఆ తీర్పు తప్పకుండా చదువు. 2025లో వచ్చిన జాతీయ క్రీడా పరిపాలన చట్టం ఆర్టీఐని ప్రభుత్వ డబ్బు తీసుకునే సంఘాల దాకానే పరిమితం చేసింది. బీసీసీఐకి అది పెద్ద ఊరట. మన రాష్ట్రంలో సొసైటీల చట్టం కింద నమోదైన సంఘమైతే వేరే దారి ఉంది. రిజిస్ట్రార్ ఆఫీసులో ఫీజు కట్టి వాళ్లు దాఖలు చేసిన కాగితాలు చూడొచ్చు, నకళ్లు అడగొచ్చు. ముందు కార్యవర్గం జాబితా, ఆడిటైన లెక్కలు తీసుకో. జనరల్ బాడీ తేదీ, ఆడిటర్ సంతకం తేదీ పక్కపక్కన పెట్టి చూడు. సంతకం తర్వాతిదై ఉండి, లెక్కలు మాత్రం ముందే ఆమోదం పొంది ఉంటే ఆ కాగితం జిరాక్స్ తీసుకుని నాకు చూపించు, మిగతాది కూర్చుని మాట్లాడదాం.